తొలిమంచు

డులూత్‌లో ఈ ఏటి తొలిమంచు
తెల్లవారుజామున మూడింటికి మొదలైంది.

ఉప్పు లారీలకు దారి చెప్పే సర్వీసు
ఏప్రిల్ నుంచీ మేలుకునే ఉంది.
మంచు లెక్కల లైబ్రరీని మాత్రం
పనిపడ్డప్పుడు పిలుద్దాంలే అనుకుంది.
పనిపడింది. పిలిచింది.
పలకలేదు.

లాగ్‌లో ఒకటే మాట: ఫైలు కనబడలేదు.

సర్వర్లు మార్చింది నేనే.
ఎవరూ వాడట్లేదని ఆ ఫోల్డరు వదిలేశాను.
జూలైలో మంచెవరికి గుర్తుంటుంది?

పాత డిస్కులో దొరికింది.
సోర్సు పైన, రిటైరైపోయిన మార్లిస్ రాసుకున్న వ్యాఖ్య:
'లేక్ అవెన్యూ నిట్రం. అక్కడ రెండింతలు.'

తెచ్చి, వెతికే చోట పెట్టాను.
సర్వీసుని ఆపలేదు, లేపలేదు.
తర్వాతి పిలుపుకి
అదే తడుముకుని అందుకుంది.

కిటికీ కింద లారీ ఒకటి
పసుపు దీపం తిప్పుకుంటూ కొండెక్కుతోంది.
వెనకాల ఉప్పు,
రెండింతలు.