కుదురు

షువైఖ్‌లో మా షెడ్డు రేకులు
పొద్దున తొమ్మిదికే పెనమవుతాయి.
బూ యూసుఫ్ వాళ్ళ ట్రయంఫ్
ఏసీ గదిలోంచి లారీ ఎక్కి వచ్చి
మా మధ్య మొహమాటంగా నిలబడింది.
డెబ్బై రెండు మోడలు. ట్యాంకు మీద గీత లేదు.
సైలెన్సర్ మెరుపులో నా ముఖం
నాకన్నా బాగుంది.

కిందికి వంగితే తెలిసింది.

వెనక టైరు. గాడి ఏదీ అరగలేదు,
నిన్న అచ్చులోంచి తీసినట్టుంది.
పక్కలు మాత్రం
వాన మరిచిన మా మాండవ్య ఏటి అడుగులా
నెర్రెలు, నెర్రెల్లో నెర్రెలు.
నేలకు ఆనిన చోట అరచేతంత చదును:
ఏళ్ళుగా కదలని బరువు
అక్కడే కూర్చుండిపోయింది.

రాయచోటి బస్టాండు వెనక
నాకు పానా పట్టుకోవడం నేర్పిన ఖాదర్‌బాషా
బీడీ పక్కకు తీసి అనేవాడు:
"తిరిగే టైరు అరుగుతాది రా రెడ్డెప్పా,
తిరగంది పగులుతాది.
అరిగినదానికి కొంచెం మర్యాద ఉండాది."

పక్కగోడ మీద నాలుగంకెలు, తడిగుడ్డతో తుడిచాను.
పదకొండు, సున్నా ఎనిమిది.
రెండువేల ఎనిమిది, పదకొండో వారం.
నేను ఈ దేశంలో దిగింది కూడా ఆ ఏడే,
కాకపోతే ఎండలు ముదిరాక.
గుడ్డ పిండి మళ్ళీ తుడిచాను, ఊరికే.

తర్వాత గొలుసు మీది రేకు విప్పాను.

స్ప్రాకెట్‌లో ఒక్క పన్నూ నిటారుగా లేదు.
లాగుడు ఎటుంటే అటు ఒరిగి
అన్నీ కొడవలి మొనలయ్యాయి.
ఇది ఏసీ గది చేసిన పని కాదు.
వేలంలో కొన్నాడట ఈయన,
ముందరి మనిషి పేరు కాగితం మడతలో చెరిగింది.
ఎవడో ఒకడు జహ్రా దారిలో
ఇసుకగాలికి మొహం ఇచ్చి తోలాడు.
నూనెలో ఇసుక పడితే అది ఆకురాయి.
వాడికి తెలుసో, తెలిసీ తీరిక లేదో.

వెనకనుంచి గొలుసు పట్టి లాగాను.
పంటికీ లింకుకీ మధ్య వెలుతురు.
ఈ పనిలో వెలుతురు
మంచి శకునం కాదు.

"గొలుసు మార్చు, చాలు. చక్రం అసలుదే ఉండాలి"
అన్నాడు బూ యూసుఫ్, టీ కప్పు ట్యాంకు మీద పెట్టబోయి ఆగి.
నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను:
కొత్త గొలుసు పాత పళ్ళ మీద కూచోదు బాబా,
నెల తిరక్కముందే దాన్నీ తనలా చేసేస్తుంది.
వెల్డింగ్ అద్దాలు నుదుటికి ఎత్తి గుల్ జమాన్ నవ్వాడు:
"అచ్చం మీ రూములో దిగిన కొత్త పిల్లాడిలా."
చిట్వేలి పిల్లాడు. వచ్చి నలభై రోజులు.
అప్పుడే మాలాగే దగ్గుతాడు,
మాలాగే నెలల్ని జీతాలతో లెక్కబెడతాడు.

కొత్త చక్రం తళతళలాడేసరికి
అసలుది ఎవరికీ గుర్తు రాలేదు.
పగిలిన టైర్లు గోడకు ఆనించాను,
శనివారం లారీ వచ్చి తీసుకుపోతుంది,
యాడికో నేనెప్పుడూ అడగలేదు.

స్ప్రాకెట్‌ను మాత్రం
కిరసనాయిలుతో కడిగి, సర్ఫుతో కడిగి
జలీబ్ రూముకు తెచ్చాను.
రాత్రి చారు గిన్నె పొయ్యి మీంచి దించి
దాని మీద పెట్టాను.
పోయినసారి కాలిన ప్లాస్టిక్ చాప వాసన
ఇంకా గదిలో ఉంది.
గిన్నె ఒకసారి ఊగి, నిలిచింది.

"ఏంది మామా అది?" అన్నాడు పిల్లాడు.
"కుదురు."
ఆ మాట నా నోట విని
నేనే ఒక క్షణం గరిటె వెతుక్కున్నాను.

పళ్ళన్నీ ఇంకా ఒకే వైపు ఒరిగి ఉన్నాయి.
గుండ్రంలో ఒకే వైపంటే
ఏ వైపూ కాదు.
వాడు గిన్నెను కాస్త తిప్పుకున్నాడు,
గరిటె కాడ తన చేతికి అందేలా.