ఎముకకు గుర్తుండదట

పుస్తకం మొదటి వాక్యంలోనే నన్ను ఇరుకున పెట్టింది:
"ఒక నిష్పాక్షిక నాణెం తీసుకోండి."
ఎక్కణ్ణించి తీసుకోను?
బయన్‌ఖొంగోర్ సంతలో ఉప్పు మొదలు గుర్రం దాకా
చేతులు మారేవన్నీ కాగితాలే.
ఎగరేస్తే గాలికి పోతాయి.
బొమ్మా తెలీదు, బొరుసూ తెలీదు.

అవ్వ నా గొణుగుడు వినేసింది.
పొయ్యిలోకి ఎండుపేడ తోసి
పెట్టె వెనకనుంచి తోలుసంచీ లాగి
నాలుగు ఎముకలు ఏరి నా నోటుబుక్కు మీద పడేసింది.
గొర్రెల మడమ ఎముకలు.
ఎముకకి నాలుగు ముఖాలు, ముఖానికో పేరు:
గుర్రం, ఒంటె, గొర్రె, మేక.

నాలుగు ముఖాలు కనక తలా పావువంతు
అని ముందే రాసేసి
రాసింది నిజమో కాదో చూద్దామని కూర్చున్నాను.
నాలుగేసి ఎముకలు, యాభై విసుర్లు.
నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా.
అర్ధరాత్రికి తేలింది:
మేక డెబ్బై ఎనిమిది,
గొర్రె డెబ్బై నాలుగు,
గుర్రం ఇరవయ్యారు,
ఒంటె ఇరవై రెండు.
మేకకి వెడల్పాటి వీపుంది, హాయిగా పడుకుంటుంది.
గుర్రం పాపం అంచు మీద నిలబడాలి.
పుస్తకంలో నాణేన్ని న్యాయం కోసమే పోతపోశారు.
మా ఎముకని
నడవడానికి పెంచుకుంది ఓ గొర్రె.

నాలుగూ నాలుగు రకాలుగా పడితే
ప్రయాణం మంచిదంటుంది అవ్వ.
పావువంతుల లెక్కన అది వందకి తొమ్మిదిసార్లు,
నా గీతల లెక్కన ఐదు.
లేపి మరీ చెప్పాను.
"అరుదుగా పడుతుందనే కదే మంచిదన్నాం" అని
అటు తిరిగి పడుకుంది.

మర్నాడు: స్వతంత్ర ఘటనలు.
కిందటిసారి ఎలా పడిందో ఎముకకు గుర్తుండదు,
బట్టీ పట్టడానికి పైకి చదివాను.
అవ్వ ఒక చిన్న ఎముకని వేళ్ళ మధ్య తిప్పుతూ
"ఇది ఎర్రచెవి దానిది,
మీ చిన్నమామ పెళ్ళికి కోశాం.
ఇదేమో..." అని ఇంకోటి తీసి
ఏమీ చెప్పకుండా సంచీలో వేసేసింది.
సరే, ఎముకకు గుర్తుండదు.
ఆ పని అవ్వది.

పద్నాలుగో లెక్క పుస్తకంలోది కాదు.
పశుగణన ఆఫీసులో సందగ్‌సురెన్ గారు
పరీక్షకి పనికొస్తుందని రాయించారు.
నిరుటి జుద్‌లోది. జుద్ అంటే
మేత మీద మంచు రాయిలా బిగుసుకునే చలికాలం.
మా లోయలో ఐదు గుడారాలు, చచ్చిన పశువులు:
పన్నెండు, తొమ్మిది, పదిహేను, పదకొండు,
రెండువందల మూడు.
సగటు యాభై.
రెండుసార్లు కట్టాను, తప్పులేదు.
ఆ యాభై ఎవరి గుడారం ముందు చచ్చాయో మాత్రం
నాకు తెలీదు, నేనక్కడే ఉన్నాను.
మధ్యగతం పన్నెండు.
దాని మాట నమ్మితే
చలికాలం ఏదో ఓ మోస్తరుగా గడిచిపోయింది.

రెండువందల మూడు చొయ్‌జిల్జవ్‌వి.
ఇప్పుడాయన నగరంలో బొగ్గు లారీకి క్లీనరు.
ఆయన కుక్క వసంతం వచ్చేదాకా
ఖాళీ దొడ్డికి కాపలా కాసింది.
"మిగతావాటికి మరీ దూరంగా ఉన్న విలువను
అవసరమైతే వదిలేయవచ్చు" అని
పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఉంది.
పెన్సిలు చెక్కుకుని
ఆ అంకె మీదే మళ్ళీ దిద్దాను, ముదురుగా.

రేపు పరీక్ష.
తెల్లారకముందే బయల్దేరాలి, మోటార్‌సైకిల్ మీద ఆరు గంటలు.
నాకోసం అవ్వ ఎముకలు విసిరింది.
రెండు మేకలు, రెండు గొర్రెలు.
"అంటే ఏంటవ్వా?"
నా నోటుబుక్కు తనే తిప్పి
చదవడం రాని వేలితో గీతలు తడిమింది.
"అన్నిటికంటే ఎక్కువసార్లు పడేది ఇదే కదా,
నువ్వే చెప్పావు.
చెవులు కప్పే టోపీ పెట్టుకెళ్ళు."