పరగడుపున

అలారం కంటే ముందు
పిక్క లేస్తుంది.
తర్వాత నేను.

బాల్కనీలో ఆరిన సాక్సులు జత కావు,
ఒకటి బూడిద రంగు, ఒకటి ఒకప్పుడు తెలుపు.
వాచీ పట్టీ తెగి ఆర్నెల్లు.
కొత్తిమీర కట్టకి చుట్టొచ్చిన రబ్బరు బ్యాండుతో
మణికట్టుకి టైముని కట్టేసుకుని
మెట్లు దిగుతాను.

నాకు కిలోమీటర్లు తెలియవు.
మెట్టుగూడ నుంచి తార్నాక దాకా
మెట్రో పిల్లర్లు తెలుసు.
ఏ పిల్లరు మీద మొలల డాక్టరు పోస్టరుందో,
దేని కింద ఆటోలో ముడుచుకుని డ్రైవరు పడుకుంటాడో.
పదకొండో పిల్లరు దాకా ఊపిరి పేచీ పెడుతుంది,
పన్నెండో దాని దగ్గర
సరేలే పద, అంటుంది.

కుర్రాళ్లు నన్ను దాటిపోతారు,
అవుటర్లో గూడ్సు బండిని ఆపేసి
సూపర్‌ఫాస్టు పోయినట్టు.
పోనీ.
గూడ్సుకి కూడా ఏదో ఒక వేళకి సిగ్నలిస్తారు.

రోడ్డూడ్చే నర్సమ్మ చీపురాపి దారిస్తుంది.
"ఎవల్నన్న తరుముతున్నవా,
నిన్నెవలన్న తరుముతున్నరా?"
రోజూ అదే ప్రశ్న.
జవాబు వెతుక్కునేలోపు తార్నాక వచ్చేస్తుంది.

తిరుగుదారిలో ఇరానీ హోటల్ షట్టరు
సగం లేచి ఉంటుంది,
సగం లేచిన షట్టరు కింద నుంచి
చాయ్ మరిగే వాసన
నా మోకాళ్ల ఎత్తున బయటికొస్తుంది.
ఆకలి టీసీ లాంటిది,
నిద్ర నటిస్తే వదలదు.

మూడు ఇడ్లీలని నియమం.
చట్నీ మిగిలిందని నాలుగోది,
ఇడ్లీ మిగిలిందని మళ్లీ చట్నీ.

రైల్వే ఆస్పత్రి మందుల కౌంటర్లో
పొద్దున్నించీ కవర్ల మీద రాస్తూనే ఉంటాను
పరగడుపున, తిన్నాక, పరగడుపున.
రిటైరైన గార్డు డెస్మండ్ గారు
షుగరు మాత్రలు జేబులో వేసుకుని
కూతురు చేసిన కేకు ముక్క
కాగితంలో చుట్టి నాకిచ్చి పోతారు.
సొరుగులో పెడతాను.
మూడింటి దాకా సొరుగూ నేనూ
ఒకరి మొహం ఒకరం చూసుకోం.
మూడుంబావుకి
కాగితం మడత పెడుతుంటాను.

చిలకలగూడలో బుగ్గయ్య
బూటు తిరగేసి చదువుతాడు
జాతకం చూసినట్టు.
"కుడి మడమ బయటిదిక్కు అరిగింది.
ఎడమ కాలు మీద నీకు నమ్మకం లేదు."
ఆరేళ్ల కింద ఎంఎంటీఎస్ అందుకోబోయి పడ్డ మోకాలు.
డాక్టరు మరిచిపోయాడు, నేనూ మరిచాను,
సోలు మరవలేదు.
"ఇంకోసారి కుట్టలేను మేడం,
కుట్టనీకె జాగ ఉండాలె గద."

షాపులో కుర్రాడు కొత్త జత తొడిగి
మేఘాల మీద నడిచినట్టుంటుంది మేడమ్, అన్నాడు.
ధర చూసి
నేల మీదికొచ్చాను.

మొన్న మంగళవారం, రాత్రి వాన కురిసిన రోడ్డు మీద
పదిహేడో పిల్లరు దగ్గర
కుడి సోలు నోరు తెరిచింది.
ఫట్, ఫట్,
నా వెనక నేనే చప్పట్లు కొట్టుకుంటూ
నాలుగడుగులు.

నర్సమ్మ నవ్వి నవ్వి చీపురు పడేసింది.
చెత్తబండిలోంచి ప్లాస్టిక్ తాడు లాగి
బూటుకి మూడు చుట్లు చుట్టింది,
మూటలు కట్టిన చేతులు, ముడి ఊడదు.
డివైడరు మీద కూలబడ్డాం.
తన డబ్బా తెరిచి
రాత్రి జొన్నరొట్టె సగం తుంచి
అడక్కుండానే చేతిలో పెట్టింది,
మీద పచ్చిమిరప తొక్కు.
తిన్నాను.
ఎంతని చూసుకోలేదు.

"ఇయ్యాల నిన్నెవ్వలు తరుముతలేరు," అంది
డబ్బా మూస్తూ.

పదహారు, పదిహేను, పద్నాలుగు.
తాడు కట్టిన కాలుతో
నడిచే వచ్చాను ఇంటికి.
తొక్కు కారం నాలుక మీద ఉంది ఇంకా.
వాచీ ఆపడం మరిచిపోయాను.