ఎల్

ఎడం కాలికి ఇంక పని లేదన్నారు.

తాళాలిచ్చిన రోజున షోరూం వాళ్ళు
నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టించి
ఒక్క మాటే చెప్పారు:
"బండికి అన్నీ తెలుసు. నువ్వు తొక్కడమే."

క్లచ్ ఉండాల్సిన చోట
నున్నటి రబ్బరు చాప.
ముప్పై ఒక్కేళ్ళు నొక్కిన పాదాన్ని
దాని మీద
పిలవని పెళ్ళికొచ్చినవాడిలా కూర్చోబెట్టాను.

నాలుగింటికి పోర్టు గేటు దాటాను.
వెనక పదహారు టన్నుల ఎరువు,
విజయనగరం గోడౌనుకి.
కాన్వెంట్ జంక్షన్ మలుపులో
చెయ్యి దానంతటదే కదిలింది,
రెండో గేరు ఎప్పుడూ ఉండే చోటికి,
తిన్నగా వెనక్కి.
పాత బండైతే కసురుకునేది.
ఇది కొత్త గుమాస్తాలా తలూపి ఊరుకుంది.

తాటిచెట్లపాలెం దగ్గర ఇంజను ఏడుపు మొదలెట్టింది.

నాకు గేర్లు నేర్పిన బంగారయ్య మేస్త్రి
ఆటోనగర్ షెడ్డులో చెవి మెలిపెట్టి చెప్పేవాడు:
"కంటితో కాదురా, దీంతో తోలాలి.
ఇంజను ఏడిస్తే చంటిగుంట ఏడ్చినట్టే.
పై గేరు అడుగుతుందో కింద గేరు అడుగుతుందో
తల్లికి తెలవదేటి?"

తెలిసింది.
పై గేరే అడుగుతోంది.
ఎడం కాలు లేచి వెతికింది,
చాప మీద, చాప పక్కన,
కరెంటు పోయినప్పుడు చెప్పుల కోసం వెతికినట్టు.
నేనే దాన్ని కసిరాను.
ఊరుకో. బండికి అన్నీ తెలుసు.

మద్దిలపాలెం. ఇరవై ఎనిమిది మీద ముల్లు.
తొక్కితే అరుపు పెరిగింది గాని ముల్లు కదల్లేదు.
ఆర్టీసీ బస్సు దాటింది. సరే.
పాల వ్యాను దాటింది.
హార్బరు నుంచి చేపలేసుకెళ్ళే ఆటో,
మూడు చక్రాలది,
ఆరుగురు ఆడవాళ్ళు, తొమ్మిది బుట్టలు,
హనుమంతవాక ఎత్తు మీద నన్ను దాటింది.
వెనక కూర్చున్నామె చుట్ట నోట్లోంచి తీసి
"ఏటి బావూ, పెళ్ళికూతుర్నేటి తీసుకెల్తన్నావు?"
అని అరిచింది.
బుట్టల్లోని ఐసు నీళ్ళు నా అద్దం మీద చిందాయి.

ఎండాడ దగ్గర ఓనరు ఫోను.
పెంటకోట వారి చిన్నబ్బాయి,
మంచం మీంచి లేవకుండా
నా బండిని సెల్లులో చుక్కలా చూస్తాడు.
"గుర్నాయుడూ, చుక్క కదల్లేదేం?"
"ట్రాఫిక్కండి."
తెల్లారగట్ల, నాలుగూ నలభైకి.
ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

కొమ్మాదిలో ఆపేశాను.
మాడిన పప్పులాంటి వాసన.
వీధి దీపం కింద పేపర్లు మడతపెడుతున్న కుర్రాడు
కొత్త బండని లేచొచ్చాడు.
"ఎక్కి చూడొచ్చా మావా?"
సీటు తడిమాడు. ఏసీ గాలికి మొహం పెట్టాడు.
తర్వాత, మామూలుగానే,
"ఎల్ మీదుందేటి?"
"ఎల్ అంటే?"
"లో. కొండలెక్కడానికి. రోడ్డు మీద డీలో పెట్టాల."

ఎల్.
లైసెన్సు రాకముందు
బంగారయ్య తన లారీకి
ముందొకటి, వెనకొకటి
అట్టముక్క మీద ఎర్ర రంగుతో రాసి కట్టిన అక్షరం.
లైసెన్సొచ్చిన రోజు విప్పేసి
మేహాద్రిగెడ్డలో పారేశాను, రెండూ.
ఒకటి తేలిందేమో.
పోర్టు నుంచి ఇక్కడిదాకా నా మొహం ముందే
పచ్చగా వెలుగుతూ వచ్చింది.

కుర్రాడికి రెండు రూపాయలెక్కువిచ్చి పేపరు కొన్నాను.
ఎవరితోనూ అనకు అని అడగలేదు గాని
వాడికి అర్థమైనట్టుంది.

బోయపాలెం దాటాక యాభై.
చప్పుడు లేదు. బండి మెత్తగా పోతోంది,
లోపల మనిషున్నాడన్న సంగతి తెలియనట్టు.
నిజం చెప్పాలంటే కొంచెం దిగులేసింది.
ఇందాకటిదాకా
గొంతు పోయేలా నన్నే అడిగింది కదా.
ఇప్పుడేమీ అడగడం లేదు.

ఆ రాత్రి సన్నెమ్మ నన్ను కుదిపి లేపింది.
"నిద్దర్లో ఎవర్ని తంతన్నావు?"
ఎడం కాలు మంచం కోడుని
గట్టిగా నొక్కి పట్టుకునుంది.
వదలమంటే వదల్లేదు.
కుడి చెయ్యి కూడా, చీకట్లో,
దుప్పటి అంచు పట్టుకుని
నెమ్మదిగా పైకి జరుగుతోంది.