చుక్క పడ్డచోటు

చీమకుర్తి క్వారీ ఆసామి పాత ఎర్రకారు
మూడోవారం ఒంగోల్లో మా షెడ్డులోనే.
నీళ్ళడగని ఇంజను. గాలే దానికి దిక్కు.
ఆ గాలితోనే నాకు తగువు:
యాడో చెమర్చిన ఆయిల్ని
ఇంకెక్కడికో ఊది అతికిస్తాది.

రాత్రి కింద అట్టముక్క పరిచా.
తెల్లారి ఏడు చుక్కలు.
"క్రాంకు సీలు పోయిందన్నా" అన్నాడు మాలకొండయ్య,
చుక్క పడ్డచోటే చూస్తా.

కిరసనాయిలుతో కడిగి
ఆరనిచ్చి
మా ఇంటామె పౌడరు డబ్బా
ఇంజను మీద కుమ్మరించా.

సంతనూతలపాడు దాకా తోలుకొచ్చి
టార్చి కొడితే,
తెల్లటి పొడిలో
సన్నటి నల్లదారి.
ఎదురెక్కి పోతే, పైన
పుష్‌రాడ్ గొట్టం మొదట్లో
ఉంగరమంత రబ్బరు,
ఎండి, గవ్వలా నోరు తెరుచుకొని.

క్రాంకు సీలు మీద నింద పోయింది.
ఇంటికి పోయి
ఖాళీ డబ్బాకి ఏం చెప్పాలో
అది మాత్రం
ఇంకా దొరకలా.