మిగిలిన తీగ

గోడలకు చెవులుంటాయంటారు.
కళ్లు నేను అమ్ముతాను,
కాస్త్రో రేవులో, చేపల బజారు పక్క సందులో.

ఎదెల్మీరా వచ్చిన రోజూ వానే.
చిలోయె దీవిలో వాన పడిందని ఎవరూ చెప్పుకోరు,
ఆగితే చెప్పుకుంటారు.
తడి సంచిలోంచి నోట్లు తీసి
నా బల్ల మీద ఆరబెట్టినట్టు పరిచింది.
ఎనభై వేల పెసోలు.
"ఇంతలో ఏం వస్తుంది?"

పడవ ఇంజను పోయి ఆరు నెలలైందట.
దొంగలు పడ్డాక కుక్క మొరిగినట్టు ఇప్పుడెందుకని
అడగబోయి మానేశాను.
అప్పు చేసి పాతదొకటి కొన్నదట,
అది వచ్చిన రాత్రి నుంచి కంటికి కునుకు లేదట.

తీగలేనిది ముందు చూపించాను,
అరచేతిలో ఇమిడే తెల్ల గుడ్డు.
"గోడకు తగిలించడమే.
తవ్వక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు."
ఆ చివరి మాట దగ్గర ఆమె ముఖం తేటపడింది.
ఎందుకో అప్పుడు తెలియలేదు.

తెల్లారి తీసుకెళ్లి పెట్టి చూశాం.
ఇల్లు గట్టు మీద, పడవ కొట్టం నీటి అంచున,
కొట్టానికి నాలుగు వైపులా జింకు రేకు.
రేకు దాటి రాలేక
ఫోనులో బొమ్మ సగం దాకా వచ్చి నిలిచిపోయింది,
పడవకి ముక్కు ఉంది, వెనక భాగం లేదు.
చలికి బ్యాటరీ వారం కూడా ఆగదని,
బొమ్మలు దాచిపెట్టడానికి నెలనెలా కట్టాలని
అప్పుడు చెప్పాను. ముందే చెప్పాల్సింది.
చవక సరుక్కి ఆకలెక్కువ.

"అయితే తీగదే పెట్టు" అంది,
అని, కదలకుండా నిలబడింది.
ఇంటికీ కొట్టానికీ మధ్య
రొసామెల్ ఆలుగడ్డల చేను.
ఒక పంది కంచె దాటిన నాటి నుంచి
నాలుగు చలికాలాలుగా మాటల్లేవు.
పైగా, "ఎత్తుకెళ్లింది వాడే" అంది,
నాకు మాత్రమే వినపడేలా.

దొంగని పట్టే తీగ
దొంగ అనుకున్నవాడి చేను మీదుగా పోవాలి.

కంచె దగ్గరికి వెళ్లి ఒకటే మాట అంది:
"తీగ."
అతను పార ఆపి చూశాడు,
ఆమెని, నన్ను, నా భుజం మీది చుట్టని.
"పాతిపెడితే పార తగుల్తుంది.
కిందనే వదిలేస్తే గొర్రెలు కొరుకుతాయి.
పైనుంచి పోనీ" అన్నాడు.
అడక్కుండానే లూమా కర్రలు ఏడు నరికి తెచ్చాడు,
మూలగా పాతితే తక్కువ పడుతుందన్నాడు.
నలభై మీటర్ల చుట్టలో
ముప్ఫై ఒకటి పట్టింది.
నిచ్చెన కింద అతనూ ఆమే చెరో కాలూ పట్టుకున్నారు,
ఒకరి ముఖం ఒకరు చూడకుండా.

రెండో రోజు పొద్దున్నే ఫోను: "వెంటనే రా."

రాత్రి మూడు దాటి పన్నెండు నిమిషాలు.
చీకట్లో వాన తెల్ల దారాలుగా దిగుతోంది.
తల మీద గోనె వేసుకుని ఒక మనిషి
కొట్టం తలుపు తీశాడు.
సూటిగా కెమెరాలోకి చూశాడు.
ఎదెల్మీరా అక్కడ ఆపింది, నా వైపు తిరిగింది,
చెప్పానా అన్నట్టు.
నేను వేలు పెట్టి మళ్లీ నడిపించాను.

జేబులోంచి ప్లాస్టిక్ సంచి తీశాడు.
నేను టేపు చుట్టకుండా వదిలేసిన అతుకు,
నా బద్ధకం, అందరికీ కనపడేంత పెద్దగా.
దానికి సంచి చుట్టాడు, పళ్లతో ముడి బిగించాడు.
పోతూ పోతూ ఇంజను మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు.

ఆ తట్టడం ఆమె నాలుగుసార్లు చూసింది.
"దీనికి అర్థం ఏంటి?"
పాతదాన్ని ఎరిగిన చెయ్యి అలాగే తడుతుంది,
కొత్తదాన్ని పలకరించే చెయ్యీ అలాగే తడుతుంది.
అది తేల్చే సరుకు నా కొట్లో లేదు,
ఎంత ఖరీదులోనూ.

మిగిలిన తొమ్మిది మీటర్లకు డబ్బు తిరిగిస్తానన్నాను.
వద్దంది.
నేను నిచ్చెన మడిచేలోగా
తీగ కొస పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ
ఆమె కంచె వెంట కొలుస్తోంది,
రొసామెల్ కోళ్లగూటి దాకా వస్తుందో లేదోనని.