అబ్బా

అడ్డగుట్టలో చర్చి వెనక రెండు గదులు.
గురువారం పుండ్లకు కట్లు కట్టే రోజు.
చెప్పుల వరస గేటు దాటి
కిరాణా కొట్టు మెట్ల దాకా పోయింది.
చెప్పులు లేనివాళ్లు చీటీ మీద రాయి పెట్టి
తమ చోటు దాచుకున్నారు.

నా పని మాటలు మోయడం.
మారిట్ నోట్లోంచి బుగ్గమ్మ చెవిలోకి,
బుగ్గమ్మ నోట్లోంచి మారిట్ చెవిలోకి.
దారిలో కొన్ని ఒలికిపోతాయి.
కొన్ని నేనే పారబోస్తాను.

"దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడని చెప్పు" అంటుంది మారిట్.
"పొద్దున ఏమన్నా తిన్నవా అని అడుగుతోంది" అంటాను.
"గట్క తాగిన" అంటుంది బుగ్గమ్మ.
"ఆమెకు తెలుసట" అంటాను మారిట్‌తో.
ఇద్దరూ ఒకరినొకరు చూసి తలలూపుకుంటారు.
ఇన్నేళ్ల ఆదివారం బడిలో నాకెవరూ
ఇంత మంచి అబద్ధం నేర్పలేదు.

మంచు దేశం పిల్ల. ఇరవై మూడేళ్లు.
పేద దేశమని ఎవరో చెబితే
ఐదు నెలల కింద వచ్చి దిగింది.
అది నా దేశం. మొదటి వారమంతా నాకు కోపం.
రెండో వారం ఆమె చేతి తొడుగుల మీద చీము చూశాక
ఆ కోపాన్ని ఎక్కడ పెట్టానో మర్చిపోయాను.
దొరికితే మళ్లీ తెచ్చుకుంటాను, అది నాదే.

బుగ్గమ్మది పాలమూరు.
హైటెక్ సిటీలో పదహారో అంతస్తు దాకా
ఇటుకలు మోసిన కాళ్లు.
ఇప్పుడు షుగరు. ఎడమ పాదం అడుగున
రూపాయి బిళ్లంత గుంట.
మారిట్ మోకాళ్ల మీద కూర్చుని కడుగుతుంది.
మా చర్చిలోనూ కడుగుతారు ఏడాదికోసారి,
ఈస్టర్ ముందు గురువారం, పన్నెండు మంది పాదాలు.
పన్నెండు మందీ ఇంట్లోనే
సబ్బుతో తోముకుని వస్తారు.
మా నాన్నయితే గోళ్లు కూడా తీసుకునేవాడు.

"నొప్పిగా లేదా?"
"లేదని చెప్పు బిడ్డా. కోసినా తెల్వదు."
మారిట్ కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పింది.
నొప్పి తెలియకపోవడమే జబ్బని
ఆమెకూ తెలుసు, చదువుకుంది.
అయినా చెప్పింది.
ఏదో ఒకదానికి చెప్పాలి కదా.

నిన్న రాత్రి డాబా మీద,
లాలాగూడ వైపు రైలు కూత ఆగాక,
మెల్లగా అంది:
"ఇక్కడికొచ్చాక ఆయన మాట్లాడడం మానేశాడు.
మా ఊళ్లో, మంచులో, స్పష్టంగా వినబడేవాడు."
నాకు పదో తరగతి నుంచీ వినబడలేదు.
ఆ సంగతి చెప్పలేదు.
దోమల చుట్ట వెలిగించి ఆమె కాళ్ల దగ్గర పెట్టాను.

కట్టు అయిపోయింది. కాలు పక్కకు దించబోతే
"అబ్బా!"
మారిట్ చేతులు ఆగిపోయాయి.
"ఏమంది? అబ్బా అందా?
తండ్రీ అని పిలిచిందా?"

చెప్పొచ్చు.
కాలికి రాయి తగిలితే అంటాం,
సికింద్రాబాద్ బస్సులో ఎవరో తొక్కితే అంటాం,
కరెంటు పోతే, గ్యాసు ధర వింటే అంటాం అని.
"మోకాలు బిడ్డా, పాదం గాదు, మెల్లగ దించుమను" అని
బుగ్గమ్మ గొణుగుతోందని.
నోరు తెరిచాను.
"అవును, అంది" అన్నాను.
అందులో అబద్ధమేముంది.

మారిట్ ఆ కట్టు మీద నుదురు ఆనించింది.
భుజాలు కదులుతున్నాయి.
"ఏమైందే ఈ పిల్లకు?" అంది బుగ్గమ్మ.
మొదటిసారి నా దగ్గర ఏ భాషా లేదు.
ఆమే వంగి ఆ రాగి జుట్టు నిమిరింది.
"తిన్నదో లేదో అడుగు" అంది.

రాత్రి పదకొండింటికి నల్లా వచ్చింది.
బకెట్‌తో మెట్లెక్కుతుంటే, చీకట్లో,
బొటనవేలు రాతి అంచుకు కొట్టుకుంది.
"అబ్బా!"
అన్నాక అక్కడే నిలబడిపోయాను,
ఒలికిన నీళ్లు
పాదాల మీంచి మెట్టు మెట్టుకీ జారుతుంటే.

పై అంతస్తులో తలుపు తెరుచుకుంది.
"క్యా హువా మా?" అంది షహనాజ్ ఆపా.